అనుమతి అడగని అతిథి

మా పెద్దమ్మాయి మంగ్నీ మాటల కోసం అనంతపురం నుండి పెండ్లివారు వచ్చిన రోజు అది. ప్రొద్దుటూరులో మాది మూడు గదుల చిన్న ఇల్లు. ముందు గదిలో మగవారు, లోపలి గదిలో ఆడవారు కూర్చున్నారు. మధ్య గుమ్మానికి తెర వేశాము. జొహర్ నమాజు ముగించుకొని వచ్చిన పెద్దలు షర్బత్ తాగుతూ మాట్లాడుకుంటున్నారు. ముందు గదిలోని టీవీని ఎవరూ చూడడం లేదు. శబ్దం తగ్గించి అలాగే వదిలేశారు. కొద్దిసేపటికి అది తనంతట తానే ఫోటోలు చూపడం మొదలుపెట్టింది. మొదట ఈద్గాహ్ ముందు నిలబడిన మా అబ్బాయి, తరువాత మేడ మీద ఆడుకుంటున్న పిల్లలు, ఆ తరువాత మా అమ్మీ.

అమ్మీకి అప్పుడు డెబ్బై రెండేళ్ళు. ఆ ఫోటోలో ఆమె తలపై ఓఢ్నీ లేదు. గోరింటాకు పెట్టి కడిగిన జుట్టును విరబోసుకొని, మా చిన్నమ్మాయి చేత నూనె రాయించుకుంటూ నవ్వుతోంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా పరాయి పురుషుని ఎదుట తల విప్పని మనిషి పదిమంది అపరిచితుల ముందు ఆ తెర మీద కనబడింది. పెండ్లికొడుకు తండ్రి సంస్కారవంతులు, వెంటనే చూపు దించుకున్నారు. మా అబ్బాయి పరుగెత్తి స్విచ్ ఆపేశాడు. అంతా కలిపి పది సెకండ్లు గడిచి ఉంటాయి.

అల్‌హమ్దులిల్లాహ్, మంగ్నీ మాటలు శుభంగానే ముగిశాయి. కాని ఆ సంగతి లోపలి గదికి చేరకుండా ఉండలేదు. అమ్మీ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అతిథులు వెళ్ళాక అస్ర్ నమాజు చేసి, జానమాజు మడిచి, తన మంచం మీద చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చుంది. ఆనాటి నుండి ఇంట్లో ఎవరి చేతిలో ఫోన్ పైకి లేచినా, అది ఆమె వైపు లేకపోయినా సరే, ఓఢ్నీని ముఖం మీదికి లాక్కునేది. ఈద్ రోజున కూడా ఫోటోకు రాలేదు. కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్న మా తమ్ముడు వీడియో కాల్ చేస్తే, ఫోన్‌ను బోర్లించి పెట్టమని మాట మాత్రమే మాట్లాడేది. కన్నకొడుకుకు తల్లి ముఖం కరువైంది.

ఈ నేరం టీవీదా? మా అబ్బాయిదా? తీరికగా ఆలోచిస్తే నేరంలో పెద్ద వాటా నాదేనని తేలింది. తమ్ముడు ఇంటి ఫోటోలు చూసుకోవాలని నేనే నా ఫోన్‌లోని ఫోటోలన్నీ ఒక క్లౌడ్ ఖాతాకు వాటంతట అవే చేరేలా అమర్చాను. ఆ ఖాతా పాస్‌వర్డు ఇంటిల్లిపాదికీ తెలుసు. మా అబ్బాయి క్రికెట్ చూడడానికని అదే ఖాతాతో టీవీలో ప్రవేశించాడు. ఖాళీగా ఉన్నప్పుడు కుటుంబ ఫోటోలు చూపమంటారా అని టీవీ అడిగితే చదవకుండానే అవునని నొక్కాడు. టీవీ అబ్బాయిని అడిగింది, ఫోన్ ఎప్పుడో నన్ను అడిగింది. ఎవరి ఫోటో అయితే ఉందో ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి నాకు సూరహ్ నూర్‌లోని 58వ వాక్యం జ్ఞాపకం వచ్చింది. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం వస్త్రాలు సడలించి విశ్రమించే వేళ, ఇషా నమాజు తరువాత, ఈ మూడు వేళల్లో ఇంట్లో పనిచేసేవారు, ఈడు రాని పిల్లలు సైతం అనుమతి తీసుకొనే లోపలికి రావాలని అందులో అల్లాహ్ మనకు బోధించాడు. వారు పరాయివారు కారు, రోజంతా ఇంట్లో తిరిగేవారే. అయినా ఆ మూడు వేళల్లో గుమ్మం దగ్గర ఆగాలి. మా పిల్లలకు ఈ మర్యాదను చిన్ననాటి నుండి నేర్పాము. కాని ఫజ్ర్‌కు ముందు దిండు కింద, మధ్యాహ్నం మంచం మీద, ఇషా తరువాత చేతిలో ఉండే ఈ ఫోన్‌కు మాత్రం ఎవరమూ ఏ మర్యాదా నేర్పలేదు. అది అనుమతి అడగని అతిథిలా మా మధ్య మెలగుతూ వచ్చింది.

హైదరాబాదులో కంప్యూటర్ చదువు చదువుతున్న మా చిన్నమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నా ఫోన్‌ను చేతికి తీసుకుంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుండి ఫోన్లలో ఒక సదుపాయం ఉంది. గడిచిన 24 గంటల్లో ఏ యాప్ మన కెమెరాను, మైకును, మనం ఉన్న చోటును ఏ వేళకు వాడుకున్నదో అందులో వరుసగా కనబడుతుంది. ఆమె దాన్ని తెరిచి నా ముందు పెట్టింది. నమాజు వేళలు తెలుపుతుందని నేను పెట్టుకున్న యాప్ పగలూ రాత్రీ, మేము నిద్రపోతున్న సమయంలో కూడా, మా ఇల్లెక్కడుందో చూసుకుంటూనే ఉంది.

“అమ్మీ, దీనికి మీరు ‘ఎల్లవేళలా’ అని అనుమతి ఇచ్చారు” అన్నది అమ్మాయి.

“ఖిబ్లా దిక్కు చెప్పడానికి కావాలన్నది కదమ్మా?” అన్నాను.

“మన ఇంటి ఖిబ్లా రోజూ మారుతుందా, అమ్మీ?”

నాకు నవ్వు వచ్చింది, సిగ్గూ వేసింది. ఇరవై ఏళ్ళుగా ఒకే గోడకు ఎదురుగా నిలిచి నమాజు చేస్తున్నాము. ఆ గోడ ఎక్కడికీ కదలలేదు. నమాజు వేళల పట్టిక మసీదు వారు ప్రతి సంవత్సరం ముద్రించి ఇస్తూనే ఉన్నారు, అది వంటింటి తలుపు వెనుక వేలాడుతూనే ఉంది.

ఇది ఒక్క నా ఫోన్‌కు పట్టిన అవస్థ కాదు. 2020 నవంబరులో అమెరికాకు చెందిన మదర్‌బోర్డ్ అనే పత్రిక ఒక కథనం ప్రచురించింది. ప్రపంచమంతటా తొమ్మిది కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉన్న ముస్లిం ప్రో యాప్ నుండి వాడుకరులు ఉన్న చోటి వివరాలు ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరుతున్నాయని, ఆ సంస్థ అమ్మే వివరాలు కాంట్రాక్టర్ల ద్వారా అమెరికా సైన్యం దాకా వెళ్తున్నాయని ఆ కథనం సారాంశం. ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నామని యాప్ యాజమాన్యం వెంటనే ప్రకటించింది. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆసుపత్రులు, ప్రార్థనాలయాల వంటి సున్నితమైన చోట్లకు మనుషుల రాకపోకలను తెలిపే వివరాలను ఎక్స్-మోడ్ వారసత్వ సంస్థ అమ్మరాదని కట్టడి చేసింది. నమాజు కోసం తెరిచిన కిటికీలోంచి ఎవరెవరు తొంగి చూడగలరో తెలిసి నివ్వెరపోయాను.

మన దేశంలో కూడా 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. హక్కు మనకు ఉన్నదని న్యాయస్థానం చెప్పగలదు. కాని ఇంటి గుమ్మానికి తెర వేసుకోవలసింది ఇంటివారే కదా!

కొత్త ఫోన్ కొనాలనుకోవడానికి ఇంకొక కారణం కూడా తోడైంది. నా పాత ఫోన్ నిల్వ 64 జీబీ. అది నిండిపోయి ఏడాది దాటింది. ఫోటో తీయబోతే స్థలం లేదనేది. స్థలం కోసం ఏదో ఒకటి చెరిపివేయాలి, లేదా క్లౌడ్‌కు పంపి ఇక్కడ తొలగించాలి. ఇలా చోటు చాలకనే మేము ఇంటి గుట్టును ఊరవతల దాచుకున్నాము. ఫోన్‌లో విశాలమైన చోటు ఉంటే ఆ అగత్యమే ఉండేది కాదు. గోప్యతకు, నిల్వకు ఉన్న సంబంధం నాకు అప్పుడు అర్థమైంది. ధాన్యం పోసుకోవడానికి ఇంట్లో గాదె లేనివాడు పరాయి కొట్టును ఆశ్రయించక తప్పదు.

ఆ పరాయి కొట్టు కూడా ఎల్లకాలం ఉచితం కాదు. ఉదాహరణకు గూగుల్ ఖాతాతో వచ్చే ఉచిత స్థలం 15 జీబీ. ఉత్తరాలు, పత్రాలు, 2021 జూన్ నుండి ఎక్కించిన ఫోటోలు అన్నీ ఆ పదిహేనులోనే ఇమడాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలోని వాట్సాప్ నకళ్ళు కూడా 2024 నుండి ఆ లెక్కలోకే వచ్చాయి. నిండిన తరువాత నెలనెలా అద్దె కట్టాలి. రెండేళ్ళపాటు ఖాతాను ముట్టకుండా వదిలేస్తే దాన్ని తొలగించే నిబంధన కూడా ఉంది. ఖాతా యజమాని మరణించి, పాస్‌వర్డు ఎవరికీ తెలియని ఇంట్లో ఆ జ్ఞాపకాల గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

చిన్నమ్మాయి కాగితం మీద లెక్క వేసి చూపింది. ఒక్కొక్క ఫోటో మూడు, నాలుగు మెగాబైట్లు అనుకుంటే ఒక జీబీలో 250 నుండి 330 ఫోటోలు పడతాయి. మామూలు నాణ్యత గల వీడియో నిమిషానికి దాదాపు 100 మెగాబైట్లు తింటుంది, అంటే పది నిమిషాలకే ఒక జీబీ. మనిషి గొంతు మాత్రం చాలా తక్కువ చోటు తీసుకుంటుంది. మంచి నాణ్యతతో గంటసేపు మాట్లాడినా 58 మెగాబైట్లకు మించదు. ఒక జీబీలో పదిహేడు గంటల మాటలు దాచుకోవచ్చు.

ఆ చివరి లెక్క నా మనసును పట్టుకుంది. మా ఇంట్లో ఎవరి నికాహ్ ఏ సంవత్సరం జరిగిందో, ఎవరు ఎవరికి మేనమామ వరుసో, మా ముత్తాత ఏ కరువుకు ఏ ఊరు విడిచి వచ్చాడో తెలిసిన మనిషి అమ్మీ ఒక్కతే మిగిలింది. అబ్బా గొంతు మా దగ్గర ఒక్క నిమిషమైనా లేదు. పత్తి మిల్లులో గుమాస్తాగా పనిచేసి, రాత్రి మాకు ప్రవక్తల గాథలు చెప్పిన ఆ గొంతు ఆయనతోనే వెళ్ళిపోయింది. అమ్మీ విషయంలో అలా జరగకూడదనుకున్నాను. కాని ఫోన్ పైకెత్తితేనే ముఖం దాచుకునే మనిషిని ఏ నోటితో అడగను?

తమ్ముడికి సంగతి చెప్పాను, ఇకపై క్లౌడ్‌కు పంపను, అన్నీ ఇంట్లోనే దాచుకుంటాము అని. అతడు ఒప్పుకోలేదు.

“ఆపా, ఖాలా ఇంటి సంగతి మరిచిపోయావా? నీళ్ళు వచ్చిన నాడు ఆమెకు ఏం మిగిలింది?”

మరిచిపోలేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, తెల్లవారేసరికి దిగువ ఊళ్ళను వరద ముంచెత్తింది. మా ఖాలా ఇల్లు ఆ నది ఒడ్డు ఊరిలోనే. అల్లాహ్ దయ వల్ల ప్రాణాలతో బయటపడ్డారు. కాని బీరువా, అందులోని పట్టా కాగితాలు, ఆల్బమ్‌లు, రెండు ఫోన్లు అన్నీ బురదలో కలిసిపోయాయి. చనిపోయిన ఖాలూజాన్ ఫోటో ఒక్కటీ లేకపోతే, అంతకు ముందు నేను వాట్సాప్‌లో పంపించుకొని దాచిన ఒక ఫోటోను అచ్చు వేయించి ఇచ్చాము. ఆమె దాన్ని కళ్ళకు అద్దుకొని ఏడ్చింది.

తమ్ముడి మాటలో న్యాయం ఉంది. వస్తువు మన ఇంట్లోనే ఉంటే పరాయి చూపు పడదు, నిజమే. కాని దొంగ, వరద, మంట, చేయి జారడం, వీటి నుండి కాపాడే భారం మొత్తం మన మీదే పడుతుంది. అమానతును ఇతరులకు అప్పగించనంత మాత్రాన బాధ్యత తీరదు, అప్పుడే మొదలవుతుంది. ఫోన్ కొనే ముందు నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

ఇక ఎన్నిక. మా ముందు మూడు దారులు కనిపించాయి. మొదటిది ఐఫోన్. ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో మన జాడ తీయాలంటే ప్రతి యాప్ ముందుగా మన అనుమతి అడగాలన్న నియమం 2021 ఏప్రిల్ నుండి అందులో ఉంది. ఆ మర్యాద నాకు నచ్చింది. కాని మెమరీ కార్డు పెట్టుకునే వీలు అందులో లేదు. కొన్నప్పుడు ఎంత చోటు తీసుకుంటే అంతే. ఎక్కువ చోటు కావాలంటే ధర మరింత పెరుగుతుంది. టీచరు జీతంతో పెండ్లి పెట్టుకున్న ఇంటికి అది అందని పండు.

రెండవది చిన్నమ్మాయి స్నేహితులు సూచించినది. గూగుల్ పిక్సెల్ ఫోన్ కొని, అందులోని వ్యవస్థను తీసివేసి గ్రాఫీన్ ఓఎస్ అనే స్వేచ్ఛా వ్యవస్థను వేసుకోవడం. గోప్యత, భద్రత విషయంలో దానికి మంచి పేరు ఉంది. గూగుల్ సేవలు లేకుండానే అది నడుస్తుంది, కావాలంటే వాటిని కట్టడిలో ఉంచి వాడుకోవచ్చు. అయితే పిక్సెల్‌లోనూ కార్డు పెట్టే చోటు లేదు. పైగా కొన్ని బ్యాంకు యాప్‌లు అందులో మొరాయిస్తాయి. ఏదైనా చిక్కు వస్తే హైదరాబాదు నుండి అమ్మాయి రావాలి. ఇంటి తాళం నాకే రాకపోతే ఆ తాళం ఎంత గట్టిదైతే ఏం లాభం?

మూడవది మధ్యతరగతి ఆండ్రాయిడ్ ఫోన్. మేము ఈ దారినే ఎంచుకున్నాము, అయితే నాలుగు షరతులతో. లోపలి నిల్వ 256 జీబీకి తగ్గరాదు. కార్డు పెట్టే చోటు ఉండాలి. కనీసం నాలుగేళ్ళు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని తయారీదారు మాట ఇచ్చి ఉండాలి. ముందే నింపి పంపే అనవసరపు యాప్‌లను తొలగించే వీలుండాలి.

దుకాణంలో ఈ షరతులు చెబితే అమ్మే కుర్రవాడు వింతగా చూశాడు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో, ఛార్జింగు ఎంత వేగమో అతడు గడగడా చెప్పాడు. అప్‌డేట్లు ఎన్నేళ్ళని అడిగితే యజమాని వైపు చూశాడు. యజమాని పెద్దమనిషి. పెట్టె వెనుక వ్రాసి ఉన్నది చదివించి, తెలియనిది తెలియదని చెప్పి, తయారీదారు వెబ్‌సైట్‌లో చూసుకొని సాయంత్రం రమ్మన్నాడు. అలా చెప్పినందుకే ఆ దుకాణంలోనే కొన్నాము. ఖరీదు 22,000 రూపాయలు. రెండు సిమ్‌లు, కార్డు మూడింటికీ చోటు ఉందా, లేక రెండవ సిమ్ స్థలంలోనే కార్డు పెట్టాలా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. మాది రెండవ రకం. నాకు ఒక్క సిమ్ చాలు.

మెమరీ కార్డు దగ్గర మరొక పాఠం నేర్చుకున్నాను. సంతలో చవకగా దొరికే కార్డుల్లో నకిలీలు చాలా ఉంటాయి. పైన 512 జీబీ అని ఉంటుంది, లోపల 32 మాత్రమే ఉండవచ్చు. ఫోన్ కూడా 512 అనే చూపుతుంది. నిండుతున్న కొద్దీ పాతవాటి మీదనే కొత్తవి పడి అన్నీ పాడవుతాయి. అందుకే కొన్న రోజే కార్డును కంప్యూటర్‌కు పెట్టి, అంచు దాకా నింపి, తిరిగి చదివించి చూడాలి. ఎఫ్3 వంటి ఉచిత సాధనాలు ఈ పని చేస్తాయి. మా కార్డు ఈ పరీక్షలో నెగ్గింది.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. నేటి ఫోన్లలో లోపలి నిల్వ అంతా సంకేత రూపంలో భద్రమై ఉంటుంది. పిన్ తెలియనివాడికి ఫోన్ దొరికినా అందులోని ఫోటోలు సులభంగా కనబడవు. కార్డు అలా కాదు. మామూలుగా వాడే కార్డులో ఏ రక్షణా ఉండదు. ఊడబీకి మరొక ఫోన్‌లో పెడితే చాలు, అన్నీ బయటపడతాయి. కనుక మేము ఒక కట్టుబాటు చేసుకున్నాము. ఖుర్‌ఆన్ పారాయణాలు, పాఠాలు, పుస్తకాలు, నా బడి కాగితాలు కార్డులో ఉంటాయి. ఇంటి ఆడవారి ఫోటోలు, కుటుంబ విషయాలు లోపలి నిల్వలోనే ఉంటాయి. వీధి అరుగు మీద కూర్చోబెట్టవలసిన వారెవరో, లోపలి గదిలోకి తీసుకుపోవలసిన వారెవరో ఇల్లు నడిపే స్త్రీకి వేరే చెప్పనక్కరలేదు.

ఆ సాయంత్రం అస్ర్ నుండి మగ్రిబ్ దాకా నేను, చిన్నమ్మాయి కూర్చొని ఫోన్‌కు మర్యాద నేర్పాము. ఫోటోలు తమంతట తాము క్లౌడ్‌కు చేరే ఏర్పాటును ఆపేశాము. కెమెరా ప్రతి ఫోటో వెనుక తీసిన చోటును వ్రాసి పెట్టకుండా చేశాము. ప్రకటనల కోసం మనల్ని గుర్తించే సంఖ్యను తొలగించాము. కెమెరా, మైకు అడిగిన ప్రతి యాప్‌కూ ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నాము. టార్చిలైటు యాప్‌కు మా ఫోన్ నంబర్ల జాబితా ఎందుకో అర్థం కాక ఆ యాప్‌నే తీసేశాము. టార్చి ఫోన్‌లోనే ఉంది. వాట్సాప్ నకలును గుప్తంగా ఉంచే సదుపాయం 2021 నుండి ఉన్నా నేను ఎన్నడూ చూడలేదు, దాన్ని ఆన్ చేశాము. టీవీలోని ఖాతాను తొలగించాము. పాత క్లౌడ్‌లోని ఫోటోలన్నింటినీ అమ్మాయి లాప్‌టాప్‌లోకి దించి, లెక్క సరిపోయిందని చూసుకున్న తరువాతే అక్కడ చెరిపివేశాము, అక్కడి చెత్తబుట్టలో కూడా.

నమాజు యాప్‌ను తొలగించబోతే మా అబ్బాయి అడ్డుపడ్డాడు. “అదానుకు లేపుతుంది కదా, అమ్మీ!” చూస్తే అందులోనే ఊరి పేరును చేత్తో ఎంచుకునే వీలు ఉంది. ప్రొద్దుటూరు అని ఎంచుకొని, చోటు అనుమతిని తీసివేశాము. వేళలు మసీదు పట్టికతో సరిపోయాయి. యాప్ ఉంది, అదాను ఉంది, తొంగి చూడడం మాత్రం పోయింది. వద్దన్నంత మాత్రాన పని ఆగదని ఆనాడు మాకు తెలిసింది.

తమ్ముడి అభ్యంతరానికి జవాబుగా రెండు చిన్న హార్డ్‌డిస్కులు కొన్నాము. ప్రతి చాంద్రమాసం నెలవంక కనబడిన మరునాడు ఫోన్‌లోని కొత్త ఫోటోలను లాప్‌టాప్ ద్వారా డిస్కులోకి ఎక్కిస్తాము. రెండు డిస్కులకూ వెరాక్రిప్ట్ అనే ఉచిత సాధనంతో తాళం వేసింది అమ్మాయి. ఒకటి మా ఇంట్లో, రెండవది కర్నూలులోని పెద్దక్క ఇంట్లో ఉంటాయి. రాకపోకలప్పుడు మార్చుకుంటాము. పాస్‌వర్డును కాగితం మీద వ్రాసి, డిస్కు ఉన్న చోట కాక వేరొక చోట ఉంచాము. ఒక ఊరికి వరద వచ్చినా రెండవ ఊరిలో మిగులుతుంది. తమ్ముడు విని కాసేపు ఊరుకున్నాడు.

“మరి నేను ఎలా చూసేది, ఆపా?”

“అమ్మీ పంపమన్నవి పంపుతాను” అన్నాను.

క్లౌడ్‌ను వాడరాదని నేను అనను. పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి పట్టా నకలు మేము ఇప్పటికీ అక్కడ ఒక ప్రతి ఉంచుతున్నాము, ఖాలా అనుభవం చూశాక మరింత జాగ్రత్తగా. ఏది పంపాలో, ఏది పంపకూడదో మనం ఎంచి పంపడం వేరు, అన్నీ వాటంతట అవే వెళ్ళిపోవడం వేరు. ఫోటోలో ఉన్న మనిషిని అడిగి పంపడం వేరు, అడగకుండా పంపడం వేరు.

మిగిలింది అమ్మీ. మా ఇంటి డిస్కును ఎక్కడ ఉంచాలన్న మాట వచ్చినప్పుడు నాకు ఆమె ఇనుప ట్రంకు పెట్టె గుర్తుకు వచ్చింది. అందులో ఆమె నికాహ్‌నామా, అబ్బా టోపీ, కఫన్ కోసం ఆమె తానే దాచుకున్న తెల్లని గుడ్డ ఉంటాయి. దాని తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగు ముడిలోనే ఉంటుంది. డిస్కును ఆమె చేతిలో పెట్టాను.

“ఇది ఏమిటి?”

“మన ఫోటోలన్నీ ఇందులో ఉన్నాయి, అమ్మీ. మీవి కూడా. ఇక బయట ఎక్కడా లేవు. రెండవది పెద్దక్క దగ్గర ఉంటుంది. ఇది మీ పెట్టెలో ఉంచండి.”

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఆనాటిది కూడా ఇందులోనే ఉందా?”

ఉందని చెప్పాను. కావాలంటే చెరిపేస్తానన్నాను. మొట్టమొదటిసారి ఆమెను అడిగింది అప్పుడే. నెలల క్రితమే అడగవలసిన మాట అది. అమ్మీ చాలాసేపు ఏమీ అనలేదు.

“పిల్ల నూనె రాస్తున్నది కదా అందులో” అన్నది చివరకు. “ఉండనీ. పెట్టెలోనే ఉండనీ.”

పెట్టె తెరిచి, అబ్బా టోపీ పక్కన డిస్కును పెట్టి, తాళం వేసింది. నేను ధైర్యం చేసి రెండవ మాట కూడా అడిగాను. ముఖం వద్దు, ఫోటో వద్దు, గొంతు మాత్రమే, మా ముత్తాత ఊరు విడిచి వచ్చిన కథ ఒక్కసారి చెప్పమని. ఫోన్‌ను మంచం మీద బోర్లించి పెట్టాను. కెమెరా పరుపును చూస్తోంది. తెర వెలుగు కూడా కనబడడం లేదు.

“ఇది ఎవరెవరు వింటారు?” అని అడిగింది.

“మీరు ఎవరు వినాలంటే వారు.”

వేళ్ళ మీద లెక్కపెట్టింది. నేను, పెద్దక్క, తమ్ముడు, మనుమరాళ్ళు ఇద్దరు, మనుమడు. ఇంకా పుట్టని పిల్లలను కూడా ఒక వేలి మీద లెక్కించింది. తరువాత గొంతు సవరించుకొని, బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టింది. ఇషా అదాను వినబడేదాకా చెబుతూనే ఉంది. ఆ రాత్రి ఫోన్‌లో నిండిన చోటు 70 మెగాబైట్లు.

మరుసటి శుక్రవారం తమ్ముడు వీడియో కాల్ చేశాడు. నేను అలవాటు ప్రకారం ఫోన్‌ను బోర్లించబోయాను. అమ్మీ నా చేయి ఆపి, ఓఢ్నీ సర్దుకొని, ఫోన్‌ను తన వైపు తిప్పుకుంది.